పాత డీజిల్ పికప్పుల్లో ఐడ్లింగ్, యాక్సిలరేటర్ లోపాలు

గేరు వేయకుండా, యాక్సిలరేటర్ తొక్కకుండా వదిలేసినప్పుడు ఇంజను తనంతట తాను తిరిగే అతి తక్కువ వేగాన్ని ఐడ్లింగ్ అంటారు. షెడ్డులో అందరూ దాన్ని ‘స్లో’ అనే పిలుస్తారు. నాలుగు సిలిండర్ల పికప్ ఇంజన్లలో అది సాధారణంగా నిమిషానికి 700 నుంచి 850 చుట్ల మధ్య ఉంటుంది. స్లో నిలకడగా లేకపోవడం, క్యాబిన్ అంతా అదరడం, గేటు దగ్గర ఆపితే బండి ఆరిపోవడం, కాలు తీసినా రేసు దిగకపోవడం, తొక్కినా అందుకోకపోవడం అన్నీ ఈ వ్యాసంలోకి వస్తాయి. వీటిలో ఎక్కువ భాగానికి మూలం ఇంజనులో ఉండదు. ట్యాంకు నుంచి పంపు దాకా డీజిల్ వచ్చే దారిలోనే ఉంటుంది. అయినా చాలా బండ్లకు జరిగే మొదటి వైద్యం స్లో స్క్రూ తిప్పడమే.

కలిదిండి, కైకలూరు, మండవల్లి, ముదినేపల్లి మండలాలు 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా నుంచి కొత్త ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. కొల్లేరుకూ ఉప్పుటేరుకూ ఆనుకుని ఉన్న ఈ పల్లపు ప్రాంతంలో పికప్పుకు ఉండే పని వేరు. తవుడు, చెక్క, మేత బస్తాలు ఎక్కించుకుని చెరువు గట్టు మీద మొదటి గేరులో పోవాలి. కొంత దూరానికోసారి ఆగి బస్తాలు దింపాలి. దింపేంతసేపూ ఇంజను ఆపరు. పట్టుబడి రోజున చేపల ట్రేలు, ఐసు ఎక్కేదాకా గట్టు మీదే గంటల తరబడి స్లోలో నిలబడుతుంది. తర్వాత పామర్రు–దిగమర్రు జాతీయ రహదారి ఎక్కి ఆకివీడు, భీమవరం వైపో కైకలూరు ప్యాకింగ్ షెడ్డుకో పరుగు. ఉల్లి, బియ్యం బస్తాలతో తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుకు 16వ నంబరు జాతీయ రహదారి మీద తిరిగే బండికి ఇంత నిలబడే పని ఉండదు. డీజిల్ ఇంజను చాలాసేపు స్లోలో తిరిగితే సిలిండర్లలో వేడి చాలదు. డీజిల్ పూర్తిగా మండక నాజిల్ మొనల మీద మసి గట్టిపడుతుంది. కిలోమీటర్లు తక్కువ తిరిగిన చెరువు బండికి నాజిళ్లు ముందుగా పాడవడానికి ఇదొక కారణం.

ఈ ప్రాంతంలో ఇప్పటికీ పనిచేస్తున్న పాత బండ్లలో చాలా రకాలున్నాయి. టాటా 407 ఉత్పత్తి 1986లో మొదలైంది. 1988లో వచ్చిన టాటామొబైల్ తర్వాత 207 పికప్పులు వచ్చాయి. మహీంద్రా బొలెరో పికప్పుల్లో 2,523 సీసీ డీజిల్ ఇంజను ఎక్కువగా కనిపిస్తుంది. 2005లో వచ్చిన టాటా ఏస్‌లో 702 సీసీ, రెండు సిలిండర్ల ఇంజను ఉండేది. పేరు ఏదైనా లోపం వెతికేవాడు ముందుగా తేల్చుకోవలసింది బండిలో ఉన్నది పాతకాలపు మెకానికల్ పంపా, కంప్యూటర్ అదుపులో అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందించే కామన్ రైలా అన్నదే. ఒకదానికి చేసే పరీక్ష రెండోదానికి చేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

పెడల్ తొక్కితే ఏం జరుగుతుంది

పెట్రోలు బండిలో పెడల్ కదిలించేది గాలి దారిలోని రేకు తలుపును. గాలి ఎంత వెళ్తే దానికి తగ్గ పెట్రోలు కలుస్తుంది. పాత డీజిల్ బండిలో గాలికి అడ్డు లేదు. పెడల్‌కు కట్టిన తీగ పంపు మీది లివరును లాగుతుంది, ఆ లివరు గవర్నర్ స్ప్రింగును బిగిస్తుంది. ఎంత డీజిల్ కొట్టాలో చివరికి తేల్చేది గవర్నరే. ఆవిరి యంత్రానికి జేమ్స్ వాట్ 1788లో తగిలించిన తిరిగే గుండ్ల సూత్రమే ఇందులోనూ పనిచేస్తుంది. వేగం పెరిగితే గుండ్లు బయటికి విచ్చుకుని డీజిల్ తగ్గిస్తాయి. వేగం పడిపోతే స్ప్రింగు గెలిచి డీజిల్ పెంచుతుంది. రాబర్ట్ బాష్ కంపెనీ 1927లో డీజిల్ పంపులను పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టింది. మన దేశంలో ఆ పంపులను బెంగళూరులో చేసిన మైకో కంపెనీ 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకున్నా, మన షెడ్డుల్లో అది ఇంకా మైకో పంపే.

అందువల్ల స్లో దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉంటే గవర్నర్ దేనికో తడబడుతోందని అర్థం. కొట్టిన డీజిల్‌లో గాలి బుడగ ఉంది, ఇంజను వేగం పడింది. గవర్నర్ కంగారుగా డీజిల్ పెంచింది, ఈలోగా బుడగ పోయి మంచి డీజిల్ వచ్చింది, వేగం ఎగిరింది. మళ్లీ తగ్గించింది. ఊయలలాంటి ఈ శబ్దం విని గవర్నర్ పోయిందని పంపు విప్పించుకున్నవాళ్లు తక్కువేం కాదు. కొన్ని మరీ పాత పంపుల్లో గుండ్లకు బదులు గాలి వాక్యూమ్‌తో పనిచేసే గవర్నర్ ఉండేది. వాటిలో మాత్రం గాలి దారిలో రేకు తలుపు ఉంటుంది, పంపు వెనక తోలు డయాఫ్రమ్ ఉంటుంది. డయాఫ్రమ్ చిరిగినా, దానికొచ్చే గొట్టం పగిలినా స్లో అదుపు తప్పుతుంది.

చెవితో మొదలుపెట్టాలి

నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండరు నిమిషానికి 400 సార్లు మండుతుంది. ఒకటి మండకపోతే సెకనుకు ఆరేడు సార్లు, ఒకే తాళంలో దెబ్బ తప్పుతుంది. సైలెన్సర్ దగ్గర అరచేయి దూరంగా పెడితే ఆ తప్పిన దెబ్బ చేతికి తెలుస్తుంది. తాళం తప్పకుండా ఒకే చోట మిస్ కొడుతుంటే అది ఒక సిలిండరు గొడవ. నాజిలో, టాపెట్టో, కంప్రెషనో చూడాలి. అలా కాకుండా సెకనుకో రెండు సెకన్లకో రేసు ఎక్కుతూ దిగుతూ ఉంటే అన్ని సిలిండర్లకూ కలిపి అందే డీజిల్‌లోనే తేడా ఉంది. ఏ తాళమూ లేకుండా ఒకసారి బాగుండి ఒకసారి చెడుతుంటే నీళ్లనో, గాలినో, వదులైన తీగనో అనుమానించాలి. అదిరేది ఒక్కటే అయి శబ్దం మాత్రం సమంగా ఉంటే ఇంజను కింది రబ్బరు మౌంటింగులు చూడాలి. అవి కూలిపోతే మంచి ఇంజను కూడా స్టీరింగును వణికిస్తుంది. టాటా ఏస్ లాంటి రెండు సిలిండర్ల బండి పుట్టుకతోనే స్లోలో అదురుతుంది. దానికి నిన్నటికీ ఇవాళ్టికీ తేడా వచ్చిందా అన్నదే ప్రశ్న.

లోపం ఎప్పుడు వస్తోందన్నది కూడా సగం జవాబు చెబుతుంది. పొద్దున్నే చల్లటి ఇంజను తెల్లటి పొగ వదులుతూ ఊగి, వేడెక్కాక సర్దుకుంటే హీటర్ ప్లగ్గులు ఉన్న బండిలో వాటిని, లేని బండిలో కంప్రెషన్‌ను చూడాలి. చల్లగా బాగా ఉండి, వేడెక్కాక స్లో పడిపోయి, ఆపితే మళ్లీ స్టార్ట్ కాకపోతే రోటరీ పంపు తల అరిగిపోయి ఉండవచ్చు. వేడికి పలచబడిన డీజిల్ ఆ అరిగిన సందుల్లోంచి జారిపోతుంది. పంపు మీద తడిగుడ్డ వేసి చల్లారనిచ్చాక స్టార్ట్ అయితే అనుమానం దాదాపు రూఢి అయినట్టే. కాలిన పంపు మీద బకెట్టుతో నీళ్లు కుమ్మరించే మెకానిక్కులూ ఉన్నారు. లోపలి ముక్కలు ఒక్కసారిగా కుంచించుకుపోయి పంపు పట్టేస్తే ఆ పరీక్షకు అయ్యే ఖర్చు పంపు ఖరీదంత.

నీళ్లు, గాలి, చెత్త

కొల్లేరు చుట్టుపక్కల డీజిల్‌కు మొదటి శత్రువు నీరే. ఎయిరేటర్లకు, జనరేటర్లకు, ఆయిల్ ఇంజన్లకు అని గట్టు మీది షెడ్డులో డ్రమ్ముల్లోనో క్యాన్లలోనో డీజిల్ నిల్వ పెడతారు. సగం ఖాళీగా ఉన్న డ్రమ్ములో రాత్రిపూట గాలిలోని తేమ రేకుకు పట్టి కిందికి దిగుతుంది. నిలబెట్టిన డ్రమ్ము మూత మీద నిలిచిన వాన నీరు, మూత మర సందుల్లోంచి లోపలికి పోతుంది. డీజిల్ కంటే నీరు బరువు కాబట్టి అడుగున చేరుతుంది. ఆ నీటికీ డీజిల్‌కూ నడుమ సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు కడతాయి. బంకుకు పోయే తీరిక లేక ఆ డ్రమ్ములోంచి నాలుగు క్యాన్లు బండికి పోసుకుంటే జిగురంతా ఫిల్టర్‌కు చేరుతుంది.

దీన్ని పట్టుకోవడం తేలిక. రాత్రంతా కదలకుండా ఉన్న బండికి పొద్దున ఇంజను వేయకముందే ఫిల్టర్ అడుగు బోల్టు కొంచెం వదులు చేసి గాజు సీసాలో పట్టాలి. అడుగున బుడగల్లా చేరే తెల్లటి పొర నీరు. నల్లటి పీచులాంటి తెర కనిపిస్తే జిగురు ట్యాంకు దాకా పోయిందనుకోవాలి. అప్పుడు ఫిల్టర్ ఒక్కటే మారిస్తే వారం తిరగకుండా మళ్లీ అదే గొడవ. ట్యాంకు దింపి కడగాల్సిందే. డ్రమ్ము వాడక తప్పకపోతే దాన్ని ఒక పక్కకు వంచి ఉంచి, పైప్ మొన అడుగుకు నాలుగంగుళాలు పైన పెట్టి తోడుకోవడం మంచి పద్ధతి.

గాలి పట్టడం రెండో జబ్బు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా డీజిల్‌ను పీల్చి లాగాలి. ఆ భాగంలో ఎక్కడ చిన్న సందు ఉన్నా బయటికి చుక్క కారదు కానీ లోపలికి గాలి పోతుంది. కారడం లేదు కాబట్టి లీకేజీ లేదనే వాదన ఇక్కడ చెల్లదు. ఎండకు బీటలు వారిన రబ్బరు గొట్టం, మళ్లీమళ్లీ వాడిన రాగి వాషరు, అరిగిన హ్యాండ్ ప్రైమర్, ఫిల్టర్ మార్చినప్పుడు సరిగా కూర్చోని రబ్బరు రింగు మామూలు దోషులు. ఫీడ్ పంపు ముందు ఒక జానెడు పారదర్శకపు ప్లాస్టిక్ గొట్టం తాత్కాలికంగా కలిపి ఇంజను స్లోలో తిప్పితే బుడగలు కళ్లకే కనిపిస్తాయి. గాలి వస్తున్న చోటు వెతకడానికి ఒక్కో జాయింటూ వెనక్కి తడుముతూ పోవాలి. గాలి తీయడానికి ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా ప్రైమర్ కొట్టి బిగించాలి. అప్పటికీ అందుకోకపోతే నాజిల్ పైపుల నట్లు కొంచెం వదిలి స్టార్టర్ తిప్పాలి. రోజూ పొద్దున్నే ప్రైమర్ కొడితే గానీ స్టార్ట్ కాని బండికి గాలి తీయడం మందు కాదు. గాలి వస్తున్న చోటు మూసేదాకా ఆ పని తప్పదు.

ఇంకో రెండు లోపాలు ఇంజను మీద నింద వేయిస్తాయి. ట్యాంకు లోపలి జాలీకి చెత్త పడితే స్లోలో బండి బాగానే ఉంటుంది, వంతెన ఎక్కేటప్పుడు మాత్రం ఊపిరాడక ఆగుతుంది. గొట్టంలోకి వెనక్కి గాలి ఊదితే కాసేపు బాగవుతుంది, కొన్ని కిలోమీటర్లకు జాలీ మళ్లీ మూసుకుపోతుంది. రెండోది ట్యాంకు మూత. గాలి పోవడానికి ఉన్న సన్నని రంధ్రం గట్టు బురదతో పూడిపోతే డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడుతుంది. ఆగిపోయిన బండి మూత తిప్పగానే ‘సుయ్’ మంటూ గాలి లోపలికి పోయి, వెంటనే స్టార్ట్ అయితే జబ్బు అక్కడే ఉంది. ఇంతటి సులువైన పరీక్షను ముందుగా చేయకపోవడం వల్ల నాజిళ్లు విప్పించిన యజమానులున్నారు.

ఏ సిలిండరు

మెకానికల్ పంపు బండిలో చెడ్డ సిలిండరును కనిపెట్టడానికి ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి ఒకటుంది. స్లోలో ఉండగా ఒక్కో నాజిల్ పైపు నట్టును అరచుట్టు వదిలి చూస్తారు. బాగా పనిచేసే సిలిండరుది వదిలితే ఇంజను శబ్దం వెంటనే పడుతుంది. దేన్ని వదిలితే శబ్దం మారదో ఆ సిలిండరే పని చేయడం లేదు. అప్పుడు దాని నాజిల్‌ను పక్క సిలిండరుకు మార్చి చూడాలి. మిస్ కూడా నాజిల్‌తో పాటు మారితే నాజిల్ పోయింది. అక్కడే ఉండిపోతే వాల్వు, రింగులు, హెడ్ గ్యాస్కెట్ వైపు చూడాలి. చల్లటి ఇంజను స్టార్ట్ చేసి వెంటనే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కొమ్మల మీద నీటి చుక్కలు చల్లడం ఇంకా తేలిక. మూడు కొమ్మల మీద చుక్క ఆవిరై నాలుగో దాని మీద నిలిస్తే ప్రశ్న తీరినట్టే.

నాజిల్‌ను టెస్టర్ మీద పెట్టి చూసేటప్పుడు ఒత్తిడి అంకె ఒక్కటే చూస్తే చాలదు. డైరెక్ట్ ఇంజెక్షన్ పాత ఇంజన్లలో అది మోడల్‌ను బట్టి సుమారు 200 బార్ పైన తెరుచుకుంటుంది. పొగమంచులా విడివిడిగా, టకటకమనే శబ్దంతో చిమ్మాలి. ధారగా కారినా, చిమ్మాక మొన తడిగా ఉన్నా పనికిరాదు. టెస్టర్ చిమ్మే దారిలో చేయి పెట్టకూడదు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది. పైకి సూదిపోటంత కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవలసిన గాయం అది.

నాజిళ్లు, గాలి, ఫిల్టర్ అన్నీ సరిపోయాకే పంపు వంతు. పంపు కాలిబ్రేషన్ బెంచి మీద ప్రతి నాజిల్‌కూ సమానంగా డీజిల్ పడుతోందో లేదో గాజు గొట్టాల్లో కొలుస్తారు. ఇది షెడ్డులో చేసే పని కాదు. విజయవాడ జవహర్ ఆటోనగర్ లాంటి చోట్ల పంపుల పనికే ప్రత్యేకమైన షాపులున్నది అందుకే. పంపు దింపి మళ్లీ ఎక్కించేటప్పుడు టైమింగ్ గుర్తులు తప్పితే కొత్త జబ్బు తోడవుతుంది. టైమింగ్ ముందుకు పోతే గట్టిగా నాకింగ్ కొడుతుంది, వెనక్కి పోతే తెల్లటి పొగ, పికప్ లేకపోవడం. స్లో స్క్రూ, గరిష్ఠ వేగం స్క్రూ రెండింటికీ సీలు వేసి ఇచ్చేది కారణం లేక కాదు.

తీగ, లివరు, పెడల్

తొక్కినా రేసు అందుకోవడం లేదంటే ఇద్దరు మనుషులు చాలు. ఒకరు ఇంజను ఆపి ఉంచి పెడల్‌ను పూర్తిగా తొక్కాలి. రెండోవారు పంపు లివరు గరిష్ఠ స్క్రూను తాకుతోందో లేదో చూడాలి. తాకకపోతే తీగ సాగింది, లేదా పెడల్ కింద మ్యాట్ మడత పడింది, లేదా మట్టి గడ్డకట్టింది. చెరువు బండికి మూడోదే ఎక్కువ. కాళ్లకున్న బురద పెడల్ అచ్చు దగ్గర ఎండి సిమెంటులా గట్టిపడుతుంది.

కాలు తీసినా రేసు దిగకపోతే పంపు దగ్గర తీగ విప్పి లివరును చేత్తో తిప్పి చూడాలి. లివరు స్ప్రింగుతో చటుక్కున వెనక్కి వస్తే దోషం తీగది. ట్రేల నుంచి కారే నీరు, రొయ్యల చెరువుల దగ్గర ఉప్పు నీరు తీగ తొడుగులోకి దిగి తుప్పు పట్టిస్తాయి. ఒక్క పోగు తెగి తొడుగులో గుచ్చుకున్నా తీగ మధ్యలోనే నిలబడిపోతుంది. గ్రీజు దట్టించి నాలుగు రోజులు గడపవచ్చు గానీ, పోగు తెగిన తీగను మార్చక తప్పదు. లివరే బిగుసుకుపోయి ఉంటే అది పంపు షాపు పని.

కాలు తీసినా, తాళం తిప్పినా, స్టాప్ లివరు లాగినా ఇంజను ఆగకుండా రేసు పెరుగుతూనే పోతే అది వేరే విషయం. ఇంజను తన ఆయిల్‌నే తాగి మండుతోంది. టర్బో సీలు పోయినా, పాత బండ్లలోని ఆయిల్ గిన్నె ఎయిర్ ఫిల్టర్‌లో ఆయిల్ గీత దాటి పోసినా ఇలా జరగవచ్చు. పెద్ద గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ వదిలి ఇంజనును నొక్కి ఆపాలి. కుదరకపోతే గాలి పీల్చే నోటికి చెక్క పలక అడ్డం పెట్టాలి. అరచెయ్యి మాత్రం పెట్టకూడదు.

కామన్ రైలు బండ్లు

భారత్ స్టేజ్ కాలుష్య నిబంధనలు కఠినమయ్యే కొద్దీ పికప్పుల్లోకి కామన్ రైలు వచ్చింది. దేశమంతటా 2017 ఏప్రిల్ నుంచి భారత్ స్టేజ్–4, 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్–6 అమలయ్యాయి. డీజిల్‌లో గంధకం 50 పీపీఎం నుంచి 10 పీపీఎంకు దిగింది. ఈ బండ్లలో పెడల్ దగ్గర తీగ ఉండదు. పెడల్ లోపల రెండు వేర్వేరు సంకేతాలు పంపే సెన్సర్ ఉంటుంది. ఆ రెండింటికీ పొత్తు కుదరకపోతే కంప్యూటర్ ఏదీ నమ్మదు. ఇంజనును ఒక స్థిరమైన తక్కువ వేగానికి కట్టేసి, దీపం వెలిగిస్తుంది. మెల్లగా ఇంటికి పోవడానికి మాత్రం అవకాశం ఇస్తుంది. సెన్సర్ మార్చే ముందు దాని ప్లగ్గు విప్పి పచ్చ తుప్పు ఉందేమో చూడాలి. ఛాసిస్‌కు కట్టిన ఎర్త్ పట్టీ కూడా చూడాలి. ఉప్పు నీరు ముందుగా తినేసేది దాన్నే.

ఈ ఇంజన్లలో నాజిల్ పైపు నట్టు వదిలే పరీక్ష ఎప్పటికీ చేయకూడదు. రైలులో ఒత్తిడి వెయ్యి బార్లు దాటగలదు. దానికి బదులు నాజిళ్ల నుంచి వెనక్కి వచ్చే డీజిల్‌ను నాలుగు సీసాల్లో ఒకే సమయం పట్టి పోల్చి చూస్తారు. ఒక సీసా మిగతావాటికంటే ముందుగా నిండితే ఆ నాజిల్ లోపల కారుతోంది. స్లోలో వణుకు, నల్లపొగ కలిసి వస్తే ఈజీఆర్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయి ఉంటుంది. కాలిన పొగ మళ్లీ లోపలికి వచ్చి తాజా గాలికి చోటు లేకుండా చేస్తుంది. దానికి రేకు అడ్డం పెట్టి మూసేయడం మన దగ్గర మామూలైపోయింది. అది కాలుష్య నిబంధనలకు విరుద్ధం. పైగా కొన్ని బండ్లలో కంప్యూటర్ దాన్నే కొత్త లోపంగా పట్టుకుని శక్తి తగ్గించేస్తుంది. విప్పి శుభ్రం చేస్తే చాలాసార్లు సరిపోతుంది.

పెట్రోలు, సీఎన్జీ పికప్పుల్లో స్లో లోపాలు ఎక్కువగా థ్రాటిల్ నోటికి పట్టిన మసి, పగిలిన వాక్యూమ్ గొట్టాలు, అరిగిన స్పార్క్ ప్లగ్గుల నుంచి వస్తాయి. కార్బొరేటర్ ఉన్న పాత బండ్లకు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు రబ్బరు వాషర్లను మెత్తబరుస్తుంది. వాటిని మార్చేటప్పుడు ఇథనాల్ తట్టుకునే రకమే వేయించుకోవాలి.

పొగ పరీక్ష

డీజిల్ బండికి కాలుష్య సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు స్లో నుంచి ఒక్కసారిగా పూర్తి రేసు ఇచ్చి, సైలెన్సర్ పొగ ఎంత దట్టంగా ఉందో కొలుస్తారు. భారత్ స్టేజ్–4కు ముందటి బండ్లకు పరిమితి 65 హార్ట్రిడ్జ్ యూనిట్లు, భారత్ స్టేజ్–4 బండ్లకు 50. ఎయిర్ ఫిల్టర్ మార్చి, నాజిళ్లు సరిచేయించిన బండి మామూలుగా ఈ గీత దాటదు. నల్లపొగ డీజిల్ ఎక్కువని, గాలి తక్కువని చెబుతుంది. నీలిపొగ ఆయిల్ కాలుతోందని, తెల్లపొగ డీజిల్ మండకుండానే బయటికి పోతోందని. సర్టిఫికెట్ కోసం గరిష్ఠ వేగం స్క్రూ వెనక్కి తిప్పి తీసుకెళ్తే పరీక్ష నెగ్గవచ్చు. మరునాడు మేత బస్తాలతో గట్టు ఎక్కేటప్పుడు బండి ఎత్తుకోదు, స్క్రూను మళ్లీ ముందుకు తిప్పాల్సి వస్తుంది. అలా నాలుగైదు సార్లు తిప్పాక సీలూ ఉండదు, కంపెనీ పెట్టిన కొలతా గుర్తుండదు. పంపును బెంచి మీద పెట్టి మళ్లీ మొదటి నుంచి కాలిబ్రేషన్ చేయించుకోవలసిందే.